వాడ మాట – 23: "ఈడ కూసుంటె ఎవరన్న ఏమన్న అంటరా బిడ్డా?"



ఈ వారం అసైన్డ్ భూముల మీద రెండో భాగం రాస్తానని మాటిచ్చాను. సగం రాసి పక్కన పెట్టాను. మొన్న ఆదివారం జరిగిన ఒక చిన్న సంగతి నన్ను వదలడం లేదు. ముందు అది రాస్తే తప్ప ఆ రెండో భాగం కదిలేలా లేదు. చదివాక మీకే తెలుస్తుంది, ఇది కూడా భూమి గురించే.

దసరా సెలవులకు మా అక్క పిల్లలు కర్దనూర్ వచ్చారు. మేనకోడలు సాంఘిక సంక్షేమ గురుకులంలో ఎనిమిదో తరగతి చదువుతోంది. మేనల్లుడికి ఆరేళ్ళు. సెలవుల్లో పది చెట్ల గురించి నోటుబుక్కులో రాసుకు రమ్మని బడిలో సైన్సు టీచర్ చెప్పారట. చెట్టు పేరు, శాస్త్రీయ నామం, ఉపయోగం. మూడు గడులు గీసుకుంది పిల్ల.

"మామా, కొండాపూర్ల బొటానికల్ గార్డెన్ ఉన్నదట. చెట్లకు పేర్లు రాసి పెడతరట. పోదామా?"

అవ్వ నవ్వింది. "పది చెట్లు చూస్తానికి పట్నం దాకనా? మన వాగు గడ్డకు రా, ఇరవై చూపిస్త."

"శాస్త్రీయ నామం కావాలి అమ్మమ్మా."

అవ్వకు శాస్త్రీయ నామాలు రావు. అందుకని బయల్దేరాం. అవ్వ, అక్క, నేను, ఇద్దరు పిల్లలు. టిఫిన్ డబ్బాల్లో పులిహోర, రెండు సీసాల నీళ్ళు. ఆటోలో పటాన్‌చెరు, అక్కడ బస్సెక్కి లింగంపల్లి, అక్కడ ఇంకో బస్సెక్కి కొత్తగూడ. రెండు గంటలు పట్టింది. ఆడవాళ్ళకు ఆధార్ కార్డు చూపిస్తే సరిపోయింది. నాకు ఒకటి, మేనల్లుడికి అర టికెట్టు. 2023 డిసెంబర్‌లో ఈ ఉచిత బస్సు రాకపోయి ఉంటే, "ఇంకోసారి పోదాం లే" అని మేమూ అనుకునేవాళ్ళమే. పేదవాళ్ళ ఇళ్ళలో "ఇంకోసారి" అనే మాటకు అర్థం మీకు చెప్పనక్కర్లేదు.

కొత్తగూడ రిజర్వ్ ఫారెస్టులో 274 ఎకరాల తోట అది. పేరు కోట్ల విజయభాస్కర రెడ్డి బొటానికల్ గార్డెన్. ఒక పక్కన పాలపిట్ట సైక్లింగ్ పార్క్. చుట్టూ ఐటీ కంపెనీల అద్దాల మేడలు. మధ్యలో ఇంత అడవి మిగిలిందంటే ఆశ్చర్యమే. ఔషధ మొక్కలు ఒక చోట, కలప చెట్లు ఒక చోట, పండ్ల చెట్లు ఒక చోట, వెదుళ్ళు ఒక చోట, నీటి మొక్కలు ఒక చోట. మొత్తం 19 వనాలుగా పెంచాలని మొదట్లో అనుకున్నారట. పెద్ద పెద్ద బండరాళ్ళు, నడక దారులు, మడుగులు, పిల్లలకు ఆడుకునే చోటు. ఆదివారం కాబట్టి కుటుంబాలు బాగా వచ్చాయి. దుప్పట్లు పరుచుకుని తింటున్నారు. కాలేజీ పిల్లలు ఫొటోలు దిగుతున్నారు. పెళ్ళి కాబోయే జంట ఒకటి ఫొటోగ్రాఫర్ చెప్పినట్టల్లా నవ్వుతోంది.

తిరిగి తిరిగి కాళ్ళు నొప్పి పుట్టి ఒక చెట్టు కింద ఆగాం. మెత్తటి గడ్డి. పిల్లలు అప్పటికే పడి దొర్లుతున్నారు. అక్క డబ్బాలు తీస్తోంది. అవ్వ మాత్రం నిలబడే ఉంది. అటూ ఇటూ చూసింది. నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"ఈడ కూసుంటె ఎవరన్న ఏమన్న అంటరా బిడ్డా?"

టికెట్టు కొనుక్కుని లోపలికి వచ్చాం. చుట్టూ వంద మంది కూర్చుని ఉన్నారు. ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు, ఎవరూ ఎగాదిగా చూడలేదు. అయినా ఆమెకు ఆ ప్రశ్న వచ్చింది.

ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. మా ఊరి చుట్టూ ఇప్పుడు గేటెడ్ కమ్యూనిటీలు లేచాయి కదా. వాటిలో ఒకదాంట్లో అవ్వ ఐదేళ్ళుగా తోటపని చేస్తోంది, కాంట్రాక్టరు కింద. అక్కడి లాన్‌కు నీళ్ళు పట్టేది ఆమె. కలుపు తీసేది ఆమె. రాలిన ఆకులు ఎత్తేది ఆమె. ఆ గడ్డి మీద కూర్చునే హక్కు మాత్రం ఆమెకు లేదు. మధ్యాహ్నం అన్నం ప్రహరీ అవతల, జనరేటర్ గది నీడన తింటారు. ఎక్కడా రాసి పెట్టలేదు. "పనోళ్ళు లాన్ల కూసోవద్దు" అని సూపర్‌వైజర్ మొదటి రోజు ఒక్కసారి చెప్పాడట, అంతే. అంతకు ముందు ఊళ్ళో ఆమె పెరిగిన రోజుల్లో అరుగుల మీద కూర్చోవద్దని ఎవరూ చెప్పాల్సిన పనే లేదు. మనిషి పుట్టుకతో నేర్చుకునేది అది.

గడ్డి పెంచే చేతులకు గడ్డి మీద కూర్చోవడానికి అనుమతి అడగాల్సిన అలవాటు. మిత్రులారా, నేను మాట్లాడదలచుకున్నది ఈ అలవాటు గురించి.

*

మన సాహిత్యంలో, మన మీటింగుల్లో బాబాసాహెబ్ జీవితంలోని బరోడా ఘట్టం చాలాసార్లు చెప్పుకుంటాం. అది జరిగింది ఎక్కడో ఒక్కసారి గమనించండి.

1917. కొలంబియాలో, లండన్‌లో చదువుకుని వచ్చిన మనిషి. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పు షరతు ప్రకారం ఆ సంస్థానంలో ఉద్యోగం చేయాలి. ఊళ్ళో ఎవరూ ఇల్లు ఇవ్వరు. పేరు మార్చుకుని ఒక పార్సీ సత్రంలో దిగాడు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని గుంపు వచ్చింది. సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. తెలిసిన స్నేహితులు ఇద్దరు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో ఒక సాకు చెప్పారు. బొంబాయి రైలు రాత్రి తొమ్మిదింటికి. మధ్యలో ఐదు గంటలు. ఆ ఐదు గంటలు ఆయన ఎక్కడున్నాడు? కామాఠీ బాగ్ అనే పబ్లిక్ గార్డెన్‌లో. అమ్మానాన్నలను తలుచుకుంటూ గడిపానని 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్నాడు. ఆయన కూర్చున్న చోటును ఇవాళ సంకల్ప భూమి అంటున్నాం, ఏటా సెప్టెంబర్ 23న జనం వెళ్తున్నారు.

ఈ ఘట్టాన్ని మనం ఎప్పుడూ కన్నీళ్ళ వైపు నుంచి చదువుతాం. నేను ఆదివారం ఆ చెట్టు కింద కూర్చుని ఇంకో వైపు నుంచి చదివాను. సత్రం గెంటేసింది. స్నేహితుల ఇళ్ళు తలుపు వేసుకున్నాయి. అంత పెద్ద నగరంలో "లేచి పో" అనడానికి ఎవరికీ అధికారం లేని చోటు ఒక్కటే మిగిలింది. అది పబ్లిక్ గార్డెన్. నీ ఇంటి పేరు అడగకుండా, నీ ఊరు అడగకుండా, ఐదు గంటల సేపు ఒక మనిషిని కూర్చోనిచ్చిన చోటు.

పబ్లిక్ స్థలం అంటే అదీ. ఎవరి దయా అక్కర్లేని నీడ.

పదేళ్ళ తర్వాత అదే మనిషి మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగడానికి వేల మందితో నడిచాడు. ప్రజా నిధులతో నడిచే చోట్లు అందరికీ తెరవాలని బొంబాయి కౌన్సిల్ 1923లోనే తీర్మానం చేసింది. మహద్ మున్సిపాలిటీ 1924లో ఒప్పుకుంది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. కానీ 1927 మార్చి 20న వెళ్ళి దోసిలి పట్టే దాకా ఆ చెరువు మనది కాలేదు. ఆ రోజు కూడా నీళ్ళు తాగి తిరిగొస్తున్న జనాన్ని కొట్టారు. రాజ్యాంగం 15వ అధికరణ రెండో క్లాజులో బావులు, చెరువులు, స్నాన ఘట్టాలు, రోడ్లతో పాటు ప్రభుత్వ నిధులతో నడిచే, ప్రజలు వచ్చిపోయే చోట్లన్నీ ఉండటం ఊరికే జరగలేదు. మహద్ చెరువూ, కామాఠీ బాగూ రెండూ ఆ వాక్యంలో ఉన్నాయని నేను అనుకుంటాను.

కాబట్టి అవ్వకు ఏం చెప్పాను? "ఎవరూ ఏమనరు అవ్వా, కూసో. ఇది మనది" అన్నాను. కూర్చుంది. కానీ గడ్డి అంచున, దారి పక్కన, లేవమంటే వెంటనే లేవడానికి వీలుగా కూర్చుంది.

*

తిన్నాక మళ్ళీ నడిచాం. పిల్ల బోర్డులు చూసి రాసుకుంటోంది. దారి అంచున ఎవరూ నాటని, దానికదే మొలిచిన ఒక పొద కనిపించింది. నిండా పసుపు పూలు. బతుకమ్మ పోయి ఎన్నో రోజులు కాలేదు.

"తంగేడు!" అంది పిల్ల. "మన రాష్ట్ర పుష్పం."

అవ్వ ఆ పొద దగ్గర ఆగి కొమ్మను పట్టుకుంది. "పువ్వు సంగతి సరే, దీని చెక్క సంగతి తెలుసా? మీ తాత దీని చెక్కతోనే తోలు పదును చేసేది. తంగేడు చెక్క, కరక్కాయ, సున్నం. లందల నానేసి, తీసి, మల్ల ఏసి, దినాలకు దినాలు. ఊరందరి చెప్పులు, మోట బొక్కెనలు దీనితోనే."

పిల్ల పెన్ను ఆగిపోయింది. "అమ్మమ్మా, ఇది ఉపయోగం గడిల రాయాల్నా?"

రాయమన్నాను. ఎందుకంటే ఇంగ్లిషు వాడికి కూడా ఈ సంగతి తెలుసు. తంగేడుకు ఇంగ్లిషులో వాడుక పేరు టానర్స్ కాసియా. టానర్ అంటే తోలు పదును చేసేవాడు. అంటే ఎవరు? మా తాత. వృక్షశాస్త్రం పుస్తకంలో ఆ చెట్టు మాదిగ వాడి పేరు మీదే ఉంది. 2014లో రాష్ట్రం వచ్చాక తంగేడును రాష్ట్ర పుష్పం చేసుకున్నాం, మంచిదే. కానీ తంగేడు అంటే బతుకమ్మ మాత్రమే గుర్తొస్తుంది. లంద గుర్తు రాదు. పువ్వు పండుగకు వచ్చింది, చెక్క వాడలోనే ఉండిపోయింది.

ఇది ఒక్క తోట తప్పు కాదు. నేను చూసిన ఏ తోటలోనూ, ఏ మ్యూజియంలోనూ, ఏ పాఠ్యపుస్తకంలోనూ మొక్కల గురించి మన వాళ్ళకు తెలిసిన విషయాన్ని "జ్ఞానం" అన్న పేరుతో చూడలేదు. లాటిన్ పేరు ఉంటుంది. సంస్కృతం పేరు ఉంటుంది. ఆయుర్వేదంలో ఏమన్నారో ఉంటుంది. మన రాష్ట్రంలో పార్కు కడితే చాలు, నక్షత్ర వనం, రాశి వనం, నవగ్రహ వనం వచ్చేస్తాయి. రోహిణి నక్షత్రానికి నేరేడు, కృత్తికకు మేడి, పుష్యమికి రావి. ఏ నక్షత్రంలో పుట్టినవాళ్ళు ఏ చెట్టుకు నీళ్ళు పోయాలో చెబుతారు. ప్రభుత్వ డబ్బుతో నాటిన చెట్టుకు జాతకం ఉంటుంది గానీ, ఆ చెట్టుతో బతికిన మనుషుల చరిత్ర ఉండదు. పుట్టిన తేదీనే సరిగ్గా తెలియని మా అవ్వకు నక్షత్రం ఎక్కడిది? ఆధార్‌లో ఆమె పుట్టింది జనవరి ఒకటిన. మన వాడల్లో సగం మంది జనవరి ఒకటినే పుట్టారు.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. నగరంలో పెద్ద పచ్చటి చోట్లు మూడు చెప్పండి. జూబ్లీ హిల్స్ దగ్గర జాతీయ పార్కు, కాసు బ్రహ్మానంద రెడ్డి పేరు మీద. కొత్తగూడలో ఇది, కోట్ల విజయభాస్కర రెడ్డి పేరు మీద. హుస్సేన్ సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్క్. ముగ్గురూ ముఖ్యమంత్రులే. దామోదరం సంజీవయ్య 1960లో ఆంధ్రప్రదేశ్‌కు తొలి దళిత ముఖ్యమంత్రి అయ్యాడు. కర్నూలు జిల్లా పెద్దపాడు నుంచి వచ్చినవాడు. ఆ పార్కుకు వెళ్ళేవాళ్ళకు పెద్ద జాతీయ జెండా తెలుసు, గులాబీ తోట తెలుసు. సంజీవయ్య ఎవరని అడిగితే ఎంతమంది చెబుతారు? విద్యార్థి మిత్రులు ఈసారి వెళ్ళినప్పుడు ఊరికే అడిగి చూడండి.

*

ఔషధ మొక్కల దగ్గరికి వచ్చినప్పుడు నాకు నవ్వొచ్చింది. నవ్వు అనకూడదేమో.

మందుల వనం మా దగ్గరా ఉంది. దాని పేరు నక్కవాగు.

1970ల నుంచి పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం చుట్టూ ఫ్యాక్టరీలు వచ్చాయి. దేశానికి, ప్రపంచానికి మందులు ఇక్కడి నుంచి పోతాయి. మందులు లారీల్లో పోతాయి, మిగిలింది వాగులో పోతుంది. ఆ వాగు పోయి మంజీరలో కలుస్తుంది. స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలు చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి చేశాక బయటికి వచ్చే నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ దొరికింది. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా వాగులోకి పోయే నీళ్ళలో ఎక్కువ! ప్రపంచంలో మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి ఎక్కడ మాట్లాడినా ఇవాళ పటాన్‌చెరు పేరు వస్తుంది. మా ప్రాంతానికి అంతర్జాతీయ గుర్తింపు అలా వచ్చింది.

పటాన్‌చెరులో వైద్యం చేసుకుంటూ, రోగులను చూసీ చూసీ, రోగం మనుషుల్లో కాదు నీళ్ళలో ఉందని రోడ్డెక్కిన డాక్టర్ కిషన్ రావు గారిని మా తరం మరిచిపోకూడదు. 1990లో సుప్రీం కోర్టుకు చేరిన కేసు హైకోర్టుకు, అక్కడి నుంచి హరిత ట్రిబ్యునల్‌కు తిరిగింది. కేసుకు వయసు వచ్చింది, వాగుకు ప్రాణం రాలేదు.

ఇప్పుడు లెక్క వేసుకోండి. ఒకే మహానగరం. దాని ఒక కొనన ఔషధ వనం, ఇంకో కొనన ఔషధ కాలువ. వనం పక్కన ఎవరుంటున్నారు, కాలువ పక్కన ఎవరుంటున్నారు? కాలువ పక్కన ఉన్నవాళ్ళు గాలి పీల్చుకోవాలంటే రెండు బస్సులు మారి, టికెట్టు కొనుక్కుని వనానికి రావాలి. టికెట్టు పెద్ద ధరేమీ కాదు. ఐదుగురికి కొనేటప్పుడు, ఆ రోజు కూలి కూడా పోయినప్పుడు, అది పెద్ద ధరే.

మేనల్లుడు దారిలో అడిగాడు: "మామా, గిట్లాంటిది మనూర్ల ఎందుకు లేదు?" ఆరేళ్ళ పిల్లవాడికి ఏం చెప్పాలి? మనూళ్ళో ఇంతకన్నా పెద్దది ఉండేది నాన్నా, కంచె, చెరువు శిఖం, మందలు మేసే బీడు. దానికి గేటూ లేదు, టికెట్టూ లేదు. అక్కడే ఈత పండ్లు, పరికి పండ్లు, సీతాఫలాలు. అది ప్లాట్లయింది, షెడ్లయింది, రింగు రోడ్డయింది. ఇప్పుడు మిగిలిన గడ్డి లాన్లలో ఉంది. దాని కలుపు మీ అమ్మమ్మ తీస్తోంది.

*

ఇక్కడ మన వాళ్ళ నుంచే ఒక మాట వస్తుందని తెలుసు. ఇదివరకు ఒక మీటింగులో నేనే అన్నాను కూడా. "దళితులకు కావలసింది భూమి, ఉద్యోగాలు, ఆత్మగౌరవం. పార్కులు, పిక్నిక్‌లు మధ్యతరగతి ముచ్చట్లు."

ఆ మాటను నేను వెనక్కి తీసుకుంటున్నాను.

కులం మనకు పని ఇచ్చింది, విశ్రాంతి ఇవ్వలేదు. మన ఒంటిని ఊరు ఎప్పుడూ పనిలోనే చూసింది. మాదిగోడు చేతిలో ఏమీ లేకుండా, ఏ పనీ లేకుండా, ఊరి నడిబొడ్డున చెట్టు కింద కూర్చుంటే దానికి పేరు ఒళ్ళు బలుపు. అదే చెట్టు కింద దొర కూర్చుంటే పంచాయతీ. కాబట్టి ఏ పనీ లేకుండా కూర్చోవడం మనకు చిన్న విషయం కాదు. బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలోనే ఫ్యాక్టరీ కార్మికులకు జీతంతో కూడిన సెలవులు, వారానికి 48 గంటల పని చట్టంలోకి వచ్చాయి. కూలి పెంచమని అడగడంతో ఆగకుండా, కార్మికుడి సమయం కార్మికుడికి ఇవ్వమని అడిగాడు ఆయన. మిగిలిన సమయంలో మనిషి మనిషిగా ఉండాలని. ఆ చట్టం వచ్చి ఎనభై ఏళ్ళు కావస్తోంది. మా వాడ నుంచి కాంట్రాక్టు పనికి పోయే పిల్లలు ఇవాళ పన్నెండు గంటల షిఫ్టు చేస్తున్నారు. 2025 జూన్ 30న పాశమైలారం మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా చచ్చిపోయారు. బీహార్ నుంచి, ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కూలీలు వాళ్ళలో ఎందరో. వాళ్ళలో ఎంతమంది ఈ నగరంలో ఒక్క ఆదివారమైనా ఒక చెట్టు కింద కూర్చుని ఉంటారు?

ఇంకో వైపు నుంచి కూడా ఒక మాట వస్తుంది. "పచ్చదనానికి కులమేంటి?" దానికి జవాబు విద్యార్థులే ఇచ్చారు. ఈ తోటకు ఎంతో దూరం లేదు కంచ గచ్చిబౌలి. 2025 మార్చి చివర ఆ 400 ఎకరాల్లోకి బుల్‌డోజర్లు దిగినప్పుడు అడ్డం నిలబడింది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు. ఏప్రిల్ 3న సుప్రీం కోర్టు పనులు ఆపించింది. అది ఏ యూనివర్సిటీ? నక్షత్రాలను ప్రేమించిన, సైన్సు రచయిత కావాలనుకున్న రోహిత్ వేములను 2016లో పోగొట్టుకున్న యూనివర్సిటీ. షాపింగ్ కాంప్లెక్సు దగ్గర వెలివాడ గుడారం వేసిన నేల. వెలి అంటే ఏంటో తెలిసిన క్యాంపస్‌కు నేల విలువ తెలిసింది. నాకైతే ఇవి రెండు కథలు కావు.

కొత్తగూడ 274 ఎకరాలు రిజర్వ్ ఫారెస్టు కాబట్టి మిగిలింది. కంచ గచ్చిబౌలి ఆ కాగితం లేక కోర్టు దాకా పోయింది. మా కంచెలకు కాగితమూ లేదు, కోర్టుకు పోయేవాళ్ళూ లేరు. తేడా అంతే.

*

సరే, విమర్శ అయింది. ఏం కావాలో కూడా చెప్పాలి. ఇవి నా నాలుగు ప్రతిపాదనలు. కాలేజీల్లో, హాస్టళ్ళలో చర్చకు పెట్టండి. తప్పుంటే దిద్దండి.

ఒకటి. ప్రభుత్వ బడులు, గురుకులాలు, సంక్షేమ హాస్టళ్ళ పిల్లలకు ప్రభుత్వ తోటలన్నిటిలో ఏడాది పొడవునా ఉచిత ప్రవేశం కావాలి. ఏడాదికి ఒక్కసారైనా బస్సు పెట్టి తీసుకెళ్ళాలి. మొక్క గురించి పుస్తకంలో చదివే పిల్లకు మొక్కను చూసే హక్కు ఉంది.

రెండు. పరిశ్రమలకు పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు స్థలంలో 33 శాతం పచ్చదనం పెంచాలని షరతు పెట్టడం మామూలుగా ఉండేది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారంలో ఏ ఫ్యాక్టరీ ఎంత పెంచిందో ఊరి ముందు లెక్క చెప్పాలి. సమాచార హక్కు దరఖాస్తు నమూనా నేను తయారు చేస్తున్నాను. కావలసినవాళ్ళు మెసేజ్ పెట్టండి. గేటు లోపల పెంచిన చెట్లు వాచ్‌మన్‌కు నీడ. ఊరికి నీడ కావాలంటే ఊరి వైపు పెంచాలి.

మూడు. 2020 నుంచి ఊరూరా పల్లె ప్రకృతి వనాలు వచ్చాయి. మంచి ఆలోచన. నేను తిరిగిన ఊళ్ళలో కొన్ని బాగున్నాయి, కొన్నింటికి తాళం ఉంది, కొన్నింట్లో బోర్డు మిగిలింది. అవి వాడకు ఎంత దూరంలో ఉన్నాయి, వాటి తాళం చెవి ఎవరి దగ్గర ఉంది అని అడగండి. వాటిలో పనిచేసే వాళ్ళకు, గార్డెన్లలో, లాన్లలో పనిచేసే వాళ్ళకు కనీస వేతనం అందుతోందా అని కూడా అడగండి. కూర్చుని అన్నం తినడానికి నీడ ఉందా అని ముందు అడగండి.

నాలుగు. బోర్డులు మారాలి. దీనికి ఎక్కడో వెతకక్కర్లేదు, మా సంగారెడ్డి జిల్లాలోనే దారి ఉంది. జహీరాబాద్ వైపు ఊళ్ళలో 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో పనిచేస్తున్న ఆడవాళ్ళు ఎక్కువ మంది దళితులే. జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, అనుములు, ఇంకా ఎన్నో పాత పంటల విత్తనాలను బూడిద, వేపాకు వేసి బుట్టల్లో, కుండల్లో దాచి కాపాడారు. ఏటా సంక్రాంతికి బండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా పాత పంటల జాతర చేస్తారు. 2008లో మాచునూర్‌లో సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్య సమితి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వాళ్ళకు వచ్చింది. మా పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ ఉంది. దాని జన్యు నిధిలో లక్షకు పైగా విత్తన రకాలు చల్లటి గదుల్లో భద్రంగా ఉన్నాయి. శాస్త్రవేత్తలకు నమస్కారం. కానీ ఆ విత్తనాలు గదిలోకి రాకముందు వేల ఏళ్ళు ఎవరి బుట్టల్లో ఉన్నాయి? ఆ మాట ఒక బోర్డు మీద రాయడానికి ఎంత ఖర్చవుతుంది? ప్రతి ప్రభుత్వ తోటలో తంగేడు దగ్గర లంద గురించి, ఈత దగ్గర చాప అల్లే చేతుల గురించి, వెదురు దగ్గర మేదరి బుట్ట గురించి రెండు వాక్యాలు రాయండి. నక్షత్ర వనానికి చోటున్నప్పుడు శ్రమ వనానికి చోటుండదా?

*

సాయంత్రం అయింది. పిల్లవాడు ఆడి ఆడి అవ్వ ఒళ్ళో పడి నిద్రపోయాడు. వాడు లేస్తాడేమోనని అవ్వ కదల్లేదు. అక్క, పిల్ల మడుగు దాకా వెళ్ళి వచ్చారు. నేను పక్కన కూర్చున్నాను. దాదాపు గంట. అవ్వ ఏ పనీ చేయకుండా గంట సేపు కూర్చోవడం నేను చూసిన గుర్తు లేదు. ఈసారి దారి అంచున కాదు. చెట్టు మొదలుకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుంది.

మధ్యలో ఒకసారి చేయి చాపి పక్కన ఉన్న కలుపు మొక్క పీకబోయింది. పీకకుండా ఆపేసింది. "ఇయ్యాల నాది డ్యూటీ కాదు" అని తనే నవ్వుకుంది.

గేటు మూసే టైము అయిందని విజిల్ వేస్తే లేచాం. బస్సులో పిల్ల నోటుబుక్కు తెరిచి చూపించింది. పది చెట్లు కావలసిన చోట పద్నాలుగు ఉన్నాయి. శాస్త్రీయ నామం గడి తొమ్మిదింటికి నిండింది, ఐదింటికి ఖాళీ. ఉపయోగం గడి మాత్రం పద్నాలుగింటికీ నిండింది. పక్కన చేత్తో నాలుగో గడి ఒకటి గీసుకుంది. "ఎవరు చెప్పారు" అని.

అందులో కొన్ని చోట్ల "బోర్డు" అని ఉంది. ఎక్కువ చోట్ల "మా అమ్మమ్మ" అని ఉంది.

సెలవులయ్యాక టీచర్ ఆ నాలుగో గడికి ఏం మార్కులు వేస్తారో చూడాలి. చెబుతాను.

వచ్చే వారం తప్పకుండా అసైన్డ్ భూముల రెండో భాగం. ఈలోగా మీ ఊళ్ళో కంచె ఏమైందో, మీ అమ్మమ్మకు ఎన్ని చెట్ల పేర్లు తెలుసో కింద రాయండి. చదువుతాను.

జై భీమ్.